తాబేళ్ల వలల మీద ఆరిన పుస్తకం

మా మనాటీ బే ఊళ్లో పుస్తకాలున్న చోటు ఒక్కటే. చర్చి వెనక గదిలో మహాగని చెక్క బీరువా. మా అమ్మమ్మ పుట్టకముందెప్పుడో ఓడలో వచ్చిన ఒక మిషనరీ అమ్మగారు, తిరిగి వెళ్లేటప్పుడు తన పుస్తకాలన్నీ అందులోనే వదిలేసి వెళ్లిందట. దాని తాళంచెవి మా అమ్మమ్మ ఆర్డిత్ మెడలో దారానికి వేలాడేది. చర్చి ఊడ్చేదీ, గంట కొట్టేదీ, ఆదివారం పూలు పెట్టేదీ ఆవిడే. మా అమ్మ సముద్రానికి అవతలున్న బ్లూఫీల్డ్స్‌లో రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తూ క్రిస్మస్‌కి మాత్రం పడవెక్కి దీవికి వచ్చేది. అందుకని నేను అమ్మమ్మ చేతుల్లోనే పెరిగాను.

శనివారం చర్చి కడిగే రోజు. నేను కాళ్లకి అడ్డం పడకుండా ఉండాలని అమ్మమ్మ బీరువా తెరిచి నన్ను దాని ముందు కూర్చోబెట్టేది. "చేతులు తుడుచుకుని ముట్టుకో. అర్థం కాకపోతే బొమ్మలు చూడు. నన్ను మాత్రం పిలవకు" అనేది.

నాకు చదవడం బాగా వచ్చేసరికి వాటిల్లో రెండు పుస్తకాలు నావైపోయాయి. ఒకటి కథ. మంచు కురిసే దేశంలో, గంటలు పోతపోసే వాళ్లింట్లో ఒక చెవిటిపిల్ల పుడుతుంది. ఊరంతా చెవులతో వినే గంటని ఆ పిల్ల చెంప ఆనించి వింటుంది. అది చదివిన మర్నాడు అమ్మమ్మ గంట తాడు లాగుతుంటే నేను నిచ్చెనెక్కి, గంట వేలాడే దూలానికి చెంప ఆనించాను. మోత నా పళ్లలోకి దిగింది, అక్కణ్ణుంచి పక్కటెముకల్లోకి పోయింది. కిందికి దిగాక అమ్మమ్మ ఏదో తిడుతోంది కానీ నాకు పెదాలు కదలడమే కనబడింది. దేవుడు మాట్లాడితే ఇలాగే ఉంటుందేమో, చెవిలో కాకుండా ఎముకల్లో వినబడుతుందేమో అనుకున్నాను. ఆ తర్వాత చాన్నాళ్లు ప్రార్థన చేసేటప్పుడు ఏ గోడకో చెట్టుకో చెంప ఆనించేదాన్ని.

రెండోది నీలం పుస్తకం. దాని పేరు నాకు తెలీదు, మొదటి పేజీలు చెదలు తినేశాయి. రాసినవాళ్ల పేరూ వాటితోనే పోయింది. ఒక్కో అధ్యాయం సముద్రంలో బతికే ఒక్కో ప్రాణి గురించి, చేత్తో రంగులేసిన బొమ్మలతో ఉండేది. శంఖం పురుగు, జెల్లీచేప, పగడం, తాబేలు, గాలిలో తేలే నల్లటి సముద్రపు పక్షి. ప్రతి అధ్యాయం చివరా దేవుణ్ణి ఒక ప్రశ్న అడిగి అక్కడితో ఆపేసేవారు. జవాబు ఉండేది కాదు.

"రాసింది ఆడమనిషే" అని అమ్మమ్మ తేల్చేసింది. "మగాడైతే ప్రశ్న అడిగి ఊరుకోడు. జవాబు కూడా తనే చెప్పేసి, కాఫీ ఏదీ అంటాడు."

ఆ పుస్తకంలోవన్నీ మా పెరట్లోవే. శంఖం మాంసం మేం కొబ్బరిపాలల్లో వండుకునేవాళ్లం. పగడపు దిబ్బ మీద కాళ్లు కోసుకోని పిల్ల మా దీవిలో లేదు. అయితే ఆవగింజ కంటే చిన్న ప్రాణి, తరం మీద తరం తన ఎముక పక్కన తన ఎముక పేర్చుకుంటూ పోతే దీవులు లేస్తాయని, వాటి మీద మనుషులు ఇళ్లు కట్టుకుంటారని అందులో చదివిన రోజు నేను ఇంటికి మునివేళ్ల మీద నడిచి వెళ్లాను.

"ఏంటే ఆ నడక? ముల్లు గుచ్చుకుందా?" అంది అమ్మమ్మ.

"కాదమ్మమ్మా. కింద వాళ్లున్నారు."

"ఎవరే?"

"దీవి కట్టినవాళ్లు."

అమ్మమ్మ నా మొహంలోకి చూసి, తన పాదాల వైపు చూసుకుంది. అలా మునివేళ్ల మీద కాదుగానీ, ఇల్లు చేరేదాకా కొంచెం నెమ్మదిగానే నడిచింది.

మా పాస్టరు కత్‌బర్ట్ గారికి ఈ చదువు నచ్చలేదు. ఆయన మంచివాడే. ఎవరింట్లో జ్వరమొచ్చినా వానలో తడుస్తూ వచ్చి కూర్చునేవాడు. కాకపోతే మా ఆత్మల గురించి ఎప్పుడూ దిగులుగా ఉండేవాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మమ్మని పక్కకి పిలిచాడు.

"మిస్ ఆర్డిత్, మీ ఓర్లీనా ప్రసంగం వినడం లేదండీ. ఎంతసేపూ కిటికీలోంచి సముద్రం చూస్తోంది."

"చూడనివ్వండి పాస్టరుగారూ. అదీ ఆయన చేసిందేగా."

"అది సరే. పురుగుల గురించీ చేపల గురించీ చదివితే పిల్లకి ఒరిగేదేంటి? దేవుడి వాక్యం చాలదా?"

"దానికి వాక్యం రుచి తగిలిందే ఆ పురుగుల దగ్గర. మీరు లాక్కోకండి" అంది అమ్మమ్మ. అక్కడితో ఆయన ఊరుకున్నాడు. తాళంచెవి ఆవిడ మెడలో ఉందిగా.

నాకు పదమూడో ఏట, అక్టోబరులో, ఆ తుఫాను వచ్చింది. ముందురోజే రేడియోలో చెప్పారు. ఊళ్లో కాంక్రీటు గోడలున్నది చర్చికే కాబట్టి తెల్లారేసరికి అందరూ పిల్లల్నీ కోళ్లనీ కర్రపెండలం సంచుల్నీ పట్టుకుని అందులోకి చేరారు. ఒక్క హార్మన్ మామయ్య రాలేదు. ఆయన తాబేళ్లు పట్టేవాడు, ఊరి దక్షిణపు కొసన ఇల్లు. కొడుకు ఆల్‌స్టన్ లాబ్‌స్టర్ల కోసం మునిగి పైకి రాకుండా పోయినప్పటి నుంచీ ఆయన చర్చి గడప తొక్కలేదు. పాస్టరుగారింటికి మాంసం తెచ్చిచ్చినా మెట్ల కిందే నిలబడి ఇచ్చి వెళ్లిపోయేవాడు. ఆ రోజు పడవని మడచెట్లలోకి తోసి, వలలు దాని చుట్టూ బిగించి, కిందికి దూరి పడుకున్నాడని తర్వాత తెలిసింది.

గాలి గురించి ఏం చెప్పను. పైకప్పు రేకులు ఒకటొకటిగా లేచిపోయాయి. తర్వాత నీళ్లు తలుపు కిందనుంచి వచ్చాయి, ఆ తర్వాత తలుపే లేదు. పాటల బృందం నిలబడే చెక్క అటక మీదికి అందరం ఎక్కాం. కింద బెంచీలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ తేలుతున్నాయి. వెనక గది తలుపులోంచి బీరువా పైభాగం కనబడేది, కాసేపటికి అదీ కనబడలేదు. నేను ఏడుస్తుంటే అమ్మమ్మ నా తల తన పొట్టకి నొక్కుకుంది. "చూడకు" అంది.

మధ్యాహ్నానికి గాలి ఒక్కసారిగా ఆగిపోయింది.

ఆగిపోవడమంటే తగ్గడం కాదు. తలుపు మూసినట్టు ఆగింది. కప్పు లేని చర్చిలోకి ఎండ పడింది. నీళ్లు గుమ్మం వైపు వెనక్కి జారాయి. మేం దిగి ఒకరి వెనక ఒకరం బయటికి వచ్చాం.

బయట అంతా పక్షులు.

విరిగిన కొబ్బరిచెట్ల మొదళ్ల మీద, ఒరిగిన గోడల మీద, బోర్లాపడ్డ పడవల మీద, సమాధుల శిలువల మీద, ఖాళీ అన్నది లేకుండా కూర్చున్నాయి. గూడబాతులు, తెల్లటి చిన్న పక్షులు, మా దీవిలో ఎప్పుడూ చూడనివి కూడా. ఒక్కటీ అరవలేదు. అన్ని వేల పక్షులున్న చోట రెక్క చప్పుడు కూడా లేకపోతే ఎలా ఉంటుందో నాకు మాటల్లో పెట్టడం ఇప్పటికీ రాదు. చుట్టూ దూరంగా, ఆకాశం అంచు దాకా, మేఘం గోడలా నిలబడి ఉంది. ఆ గోడ నెమ్మదిగా తిరుగుతోంది. పైన మాత్రం నీలం, ఉతికినట్టు.

ఒక తెల్ల పక్షి వచ్చి అమ్మమ్మ తలగుడ్డ మీద వాలింది. ఆవిడ చెయ్యెత్తలేదు. చర్చి మెట్ల మీద కత్తెర తోక నల్లపక్షి ఒకటి రెక్కలు చాపి పడి ఉంది. నీలం పుస్తకంలో అది నేలమీద దిగదని రాసుంది. దిగితే ఎగరలేదట, అందుకని నెలల తరబడి గాలిలోనే ఉంటుందట. అలాంటిది నా పాదాలకి మూరెడు దూరంలో ఉండి నా కళ్లలోకి చూసింది. దానికి నేనంటే భయం లేదు. భయపడే ఓపిక కూడా అయిపోయినట్టుంది.

పాస్టరుగారు నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. ఆయన చొక్కా చేతులు రెండూ చిరిగిపోయి ఉన్నాయి.

"ఓర్లీనా, ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయమ్మా?" అని అడిగాడు. మా నాన్న వయసు మనిషి, ఏ విషయమైనా తనే మాకు చెప్పేవాడు, నన్ను అడిగాడు.

"గాలి మధ్యలో చిక్కుకున్నాయండి. ఆ గోడ దాటి పోలేక దాంతోపాటే వస్తున్నాయి. మనం ఉన్నచోటే వాటికీ చోటు దొరికింది" అన్నాను.

ఈ మాట పుస్తకంలో లేదు. నాకెలా తెలిసిందో నాకు తెలీదు. ఆయన మోకాళ్లు బురదలో ఆనాయి. ప్రార్థన చేస్తున్నాడనుకున్నాను కానీ ఆయన ఆ నల్లపక్షి రెక్క కిందికి రెండు చేతులూ పోనిచ్చి, లేవదీసి, గోడ మీద ఎత్తైన చోట కూర్చోబెట్టాడు.

"పదండి లోపలికి. తుఫాను ఇంకో సగం ఉంది" అంది అమ్మమ్మ.

రెండో సగం మొదటి సగం కంటే పొడుగు. అది చెప్పను.

ఊళ్లో ముసలి ఎబెనెజర్ తాత ఒక్కడే పోయాడు, అదీ అటక మీద నిద్రలోనే. ఇళ్లు మాత్రం దాదాపు ఏవీ మిగల్లేదు. రేకులూ తెరచాప గుడ్డలూ ఏరుకుని కొండవాలున జనం గూళ్లు కట్టుకున్నారు. రాలిపడ్డ సీమపనస కాయలు కాల్చుకుని తిన్నాం. మగాళ్లు మంచినీళ్ల కోసం కొండ వెనక ఊటకి పోయేవాళ్లు.

అమ్మమ్మ, నేనూ బురదలోంచి బీరువా తీసి తెరిచాం. పుస్తకాలన్నీ ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గంటల పిల్ల కథ చేతిలోకి తీసుకుంటే పిండిలా జారిపోయింది. చర్చి బల్లమీద ఉండే పెద్ద బైబిలు కూడా అంతే. నీలం పుస్తకానికి మాత్రం దారాలు తెగాయి కానీ కాగితం గుడ్డలా మందంగా ఉంది, చిరగలేదు. సిరా కూడా నిలిచింది.

"ఆరేద్దాం" అంది అమ్మమ్మ.

పాస్టరుగారు అటుగా వస్తూ ఆగాడు. "మిస్ ఆర్డిత్, జనానికి తాగడానికి నీళ్లు లేవు. మీరేంటి, కాగితాలు ఆరేస్తానంటారు?"

"నీళ్లు తెచ్చేవాళ్లు నీళ్లకి పోయారు. మాకు మోయడానికి బిందె కూడా మిగల్లేదు. ఊరికే ఏడుస్తూ కూర్చోమంటారా?"

కానీ ఆరేయడానికి తాడన్నది ఊళ్లో లేదు, ఉన్నదంతా గూళ్లు కట్టడానికి పోయింది. వలలు మిగిలింది హార్మన్ మామయ్యకే. నన్ను పంపింది అమ్మమ్మ.

ఆయన మడచెట్ల దగ్గర పడవ బురద కడుగుతున్నాడు. విషయం చెప్పాను.

"పుస్తకం ఆరేయడానికా? నా వలల మీదా?"

"అవును మామయ్యా."

"ఏం పుస్తకమది?"

"సముద్రం గురించి."

"సముద్రం గురించి నాకెవరూ రాసి చెప్పక్కర్లేదు" అన్నాడు. అని, వల ముద్దగా చుట్టి భుజాన వేసుకుని నా ముందు నడిచాడు. చర్చి ఆవరణ బయట విరిగిన కొబ్బరి మోళ్లకి తనే బిగించి కట్టాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు.

తాబేలు వల కన్ను పెద్దది, రెండు చేతులు పట్టేంత. ఒక్కో కంట్లో ఒక్కో పేజీ మడిచి వేలాడేశాం. పొద్దెక్కేసరికి చర్చి బయటంతా తెల్లగా రెపరెపలాడుతోంది. మధ్యమధ్యలో జెల్లీచేప గులాబి రంగు, పగడం ఎరుపు. నీళ్ల డబ్బాలు మోసుకొస్తున్నవాళ్లు ఆగి చూశారు. ముందు బొమ్మలు చూశారు, తర్వాత చదవడం మొదలుపెట్టారు.

మా పక్కింటి మిస్ జిల్ఫా, ఇప్పుడు ఇల్లు లేదు కాబట్టి ఒకప్పటి పక్కింటి మిస్ జిల్ఫా, నడుం మీద చెయ్యి పెట్టుకుని శంఖం పేజీ ముందు నిలబడిపోయింది.

"ఇది చూడు ఆర్డిత్. శంఖం పురుగు ఇల్లు ఇరుకైతే ఆ ఇల్లు వదిలిపోదంట. తన ఒంట్లోంచే సున్నం తీసి అంచుకి ఇంకో చుట్టు కడుతుందంట. నేను ఇన్నేళ్లు ఆ గుల్లలు పగలగొట్టి పెంటలో పారేశాను."

"నీ ఒంట్లో సున్నం ఉంటే నువ్వూ మొదలెట్టు. రేకులు దొరికేలా లేవు" అంది అమ్మమ్మ. ఆ వారంలో నేను మనుషుల నవ్వు వినడం అదే మొదలు.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. మేం చూసుకునేలోపే చినుకులు మొదలయ్యాయి. నేనూ అమ్మమ్మా ఇద్దరం ఎంతని తీస్తాం? అప్పుడు నీళ్ల డబ్బాలు కింద పడేసి జనం పరిగెత్తుకొచ్చారు. ఎవరికి అందిన పేజీలు వాళ్లు లాక్కుని చొక్కాల్లో, బట్టల్లో, వంటగిన్నెల్లో దాచుకుని వాన కింద తలో దిక్కూ పోయారు. క్షణంలో వల ఖాళీ. ఉన్న ఒక్క పుస్తకమూ అన్ని గూళ్లలోకీ పోయింది.

మర్నాటి నుంచి నేను గూడు గూడుకీ తిరిగి పేజీలు అడగడం మొదలుపెట్టాను. ఒక్కరూ వెంటనే ఇవ్వలేదు. మిస్ జిల్ఫా నన్ను కూర్చోబెట్టింది.

"ఇది మధ్యలో మొదలవుతోందే. దీని ముందు ఏముంది?"

నాకు గుర్తున్నది చెప్పాను. ఆవిడ గూట్లో ఉన్నవాళ్లంతా దగ్గరికి జరిగారు. తర్వాత గూట్లో అన్నదమ్ములిద్దరు, ఏడాదిగా మాటల్లేనివాళ్లు. ఒకడి దగ్గర జెల్లీచేప మొదలుంది, రెండోవాడి దగ్గర చివర ఉంది. "వాణ్ణి చదవమను" అని ఒకడంటే, "ముందు వాణ్ణి చదవమను, నాది తర్వాతది" అని రెండోవాడు. చివరికి నా మొహం చూస్తూ ఒకడి తర్వాత ఒకడు చదివారు. అలా తిరుగుతుంటే నాకు ఒక సంగతి తెలిసింది. బీరువా ముందు ఒక్కదాన్నే కూర్చుని చదివినప్పుడు ఆ పుస్తకం నాది అనుకున్నాను. ఇప్పుడు తడికల వెనకనుంచీ పొయ్యిల దగ్గరనుంచీ ఒక్కో గొంతులో వింటుంటే, నేను చదివింది దాని అంచు మాత్రమే అనిపించింది. ఒక్కో గొంతుకీ అది ఒక్కోలా తెరుచుకుంది.

"ఆదివారం దాకా మా దగ్గరే ఉండనీ పిల్లా" అన్నారు అందరూ.

శనివారం సాయంత్రం పాస్టరుగారు మా గూటి ముందుకి వచ్చి ఒక బండ మీద కూర్చున్నాడు.

"రేపు నాకు చెప్పడానికేమీ లేదు మిస్ ఆర్డిత్. కళ్లు మూసుకుంటే గాలి చప్పుడే వినబడుతోంది. ప్రార్థన మొదలుపెడితే మధ్యలో మాట ఆగిపోతోంది. ఎవరికీ చెప్పకండి."

అమ్మమ్మ ఆయన చేతిలో కాల్చిన సీమపనస ముక్క పెట్టింది. "ముందు తినండి. రేపు మీరు చెప్పకండి. వాళ్లని చదవనివ్వండి."

"ఏది? ఆ పుస్తకమా?"

"మీకు వేరే ఏదైనా మిగిలిందా?"

ఆయన ఆ ముక్క నెమ్మదిగా తిన్నాడు. లేచి వెళ్లేటప్పుడు నా వైపు తిరిగి, "ఏ పేజీ తర్వాత ఏదో నీకు తెలుసు కదమ్మా?" అన్నాడు.

ఆదివారం పొద్దున కప్పు లేని చర్చిలో జనం నేలమీద కూర్చున్నారు. అందరి చేతుల్లో కాగితాలు. నేను ముందు నిలబడి ఏ ప్రాణి వంతు వస్తే దాని పేరు పిలిచాను. ఎవరి పేజీ వాళ్లు లేచి చదివారు. చదువు రానివాళ్లు పక్కవాళ్ల చేతికిచ్చి, తాము కూడా లేచి నిలబడ్డారు. పగడం లేచింది, దీవులు కట్టుకుంది. శంఖం ఇంకో చుట్టు వేసుకుంది. జెల్లీచేప అన్నదమ్ములిద్దరి గొంతుల్లో తేలుతూ పోయింది. సముద్రం మా ఇళ్లు తీసుకుపోయి వారం కాలేదు. ఆ సముద్రమే ఇప్పుడు మాటల రూపంలో చర్చిలోకి వచ్చి మా మధ్య మెల్లగా నిండింది. ఎవరూ భయపడలేదు.

అధ్యాయం అయిన ప్రతిసారీ ఆ ప్రశ్న వచ్చేది. ఇంత చిన్నదాని చేత ఇంత పెద్ద పని ఎందుకు చేయిస్తున్నావు ప్రభువా? ఎముకలు లేనిదాన్ని ఇంత లోతులో ఎలా నిలబెట్టావు? చదివినవాళ్లు కూర్చునేవాళ్లు. పైన ఆకాశం తెరిచే ఉంది. పాస్టరుగారు మొదటి వరసలో మా అందరిలాగే నేలమీద కూర్చుని ఉన్నాడు. మూడో ప్రశ్న దగ్గర ఆయన పెదాలు కదలడం చూశాను. ఆగిపోయిన ప్రార్థన ఆ ప్రశ్నలోంచే మళ్లీ మొదలైందని చాలా ఏళ్ల తర్వాత ఆయనే నాతో అన్నాడు.

"తాబేలు" అని పిలిచాను.

ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ పేజీ వానలో పోయిందేమో అనుకున్నాను.

గోడ కూలిన వైపు, బయట, ఎవరో గొంతు సవరించుకున్నారు. హార్మన్ మామయ్య. ఎప్పణ్ణుంచి నిలబడ్డాడో. కాగితం దూరంగా పట్టుకుని, ఒక్కో మాటా నేల మీద పెడుతున్నట్టు చదివాడు.

"ఇసకలో గుడ్లు పెట్టేటప్పుడు దాని కళ్లనుంచి నీళ్లు ధారగా కారతాయి. నొప్పికని నావికులంటారు. కళ్లలో పడ్డ ఇసక కడుక్కోవడానికని నేననుకుంటున్నాను, మళ్లీ నీళ్లలోకి దారి కనబడాలి కదా. కానీ ప్రభువా, ఆ నీళ్లు ఎందుకని నిన్ను నేను అడగాలా, లేక వాటిని చూపించి నువ్వే నన్ను ఏదైనా అడుగుతున్నావా?"

చదవడం అయిపోయింది. ఆయన కాగితం దించలేదు.

"ఇందులో లేనిది ఒకటుంది" అన్నాడు. "పడవలో వెల్లకిలా పడేసినప్పుడు కూడా అలాగే కారుస్తాయి. అక్కడ ఇసక ఉండదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. నేను అడగలేదు. నన్నెవరన్నా అడుగుతున్నారేమో అని కూడా అనుకోలేదు."

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వారం అందరి దగ్గరా పేజీలు తీసుకున్నాను. చివరికి హార్మన్ మామయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన కోడలు, ఆల్‌స్టన్ భార్య వెర్నెట్, పొయ్యి ముందుంది. ఆయన గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్నాడు.

"అది నేనివ్వను" అన్నాడు, నేను అడగకముందే.

"పుస్తకం కుట్టాలి మామయ్యా. అది లేకపోతే తాబేలు అధ్యాయానికి ఆఖరు ఉండదు."

"ఆఖరు ఇక్కడుంటుంది. కావాల్సినవాళ్లని రమ్మను. వినిపిస్తా."

పాస్టరుగారికి భయపడుతూనే చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అయితే అక్కడే ఉండనీ" అన్నాడు. మర్నాడు ఆయనే మొదట బయల్దేరి వెళ్లాడు. ఇద్దరూ గుమ్మంలో పొద్దువాలేదాకా కూర్చున్నారట. ఆల్‌స్టన్ సంగతే మాట్లాడుకుని ఉంటారు, నాకు తెలీదు. హార్మన్ మామయ్య ఆ తర్వాత కూడా చర్చికి రాలేదు. కానీ ఆదివారాలు ఆయన పడవ సముద్రం మీదికి పోవడం మాత్రం మానేసింది.

మరుసటి ఏడు తాబేళ్ల కాలంలో ఒక తెల్లవారుజామున ఆయన నన్ను పడవలో తీసుకెళ్లాడు. వలలో పెద్ద ఆకుపచ్చ తాబేలు పడింది. ఇద్దరం కష్టపడి లోపలికి లాగి వెల్లకిలా పెట్టాం. దాని కళ్లనుంచి నీళ్లు మొదలయ్యాయి, చిక్కగా, తేనెలా. ఆయన మెడలో గుడ్డ తీసి సముద్రంలో ముంచి, ఒక కన్ను తుడిచాడు, తర్వాత రెండోది. పసిపిల్లకి తుడిచినట్టు, మూలల్లో కూడా. తాబేలు తల కదపకుండా ఉంది.

"ఇప్పుడు దీన్ని వదిలేస్తావా మామయ్యా?" అన్నాను.

"ఎలా వదుల్తానే? ఊళ్లో తినొద్దూ?"

"మరి తుడవడం ఎందుకు?"

ఆయన గుడ్డ పిండాడు. "తెలీదు" అన్నాడు. "తుడవకుండా ఉండలేకపోతున్నా."

తాబేలు కంట్లోకి వంగి చూశాను. ముదురు గోధుమ రంగు, లోతు, అందులో అప్పుడే తెల్లారుతున్న ఆకాశం గుండ్రంగా ఉంది. ఆ ఆకాశంలో మా ఇద్దరి తలలూ ఉన్నాయి.

నేను తర్వాత బ్లూఫీల్డ్స్‌లో దైవశాస్త్రం చదివి, పాస్టరునయ్యాను. నన్ను పరీక్ష చేసిన చర్చి పెద్దల్లో ఒకాయన నీ విశ్వాసానికి పునాది ఏంటమ్మా అని అడిగితే, ఆవగింజ కంటే చిన్న ప్రాణుల గురించి మొదలుపెట్టి, గంట చప్పుడు పళ్లలోకి ఎలా దిగిందో చెప్పేసరికి ఆయన కలం కింద పెట్టేశాడు. పక్కన కూర్చున్న కత్‌బర్ట్ గారు, అప్పటికి జుట్టంతా తెల్లబడిపోయింది, "చెప్పనివ్వండి, ఇంకా ఉంది" అన్నాడు.

నీలం పుస్తకాన్ని అమ్మమ్మ వల దారంతోనే కుట్టింది. అది ఇప్పుడు కొత్త బీరువాలో ఉంటుంది. హార్మన్ మామయ్య పోయి చాలా ఏళ్లయింది. తాబేలు ఆఖరి పేజీ కావాలంటే మాత్రం దక్షిణపు కొసదాకా నడవాలి. వెర్నెట్ తలుపు తీస్తుంది, చేతులు కడుక్కోమంటుంది, కొబ్బరి రొట్టె పెడుతుంది. అది తిన్నాకే పేజీ తెస్తుంది.